పెంటకుప్పలో పారేసిన గోలీలు

ఆ రోజు నేను ఇల్లిల్లూ తిరిగి దగ్గు గురించి అడుగుతున్నాను. నేను ఆశా కార్యకర్తను. మాది నెల్లికుదురు దగ్గర ఒక తండా. చేతిలో రిజిస్టరు, సంచిలో తెమడ డబ్బాలు. ఇంట్లో ఎవరికైనా రెండు వారాల నుంచి దగ్గు ఉందా, సాయంత్రం పూట జ్వరం వస్తుందా, బరువు తగ్గారా అని ప్రతి గడప దగ్గరా అడగాలి. ఏడో ఇంటి దగ్గరో ఎనిమిదో ఇంటి దగ్గరో, అడుగుతుండగానే నాకు దగ్గు తెర వచ్చింది. గోడ పట్టుకుని నిలబడిపోయాను. ఆ ఇంటి ముసలమ్మ నీళ్ల చెంబు తెచ్చిచ్చి, నా సంచి వైపు చూసింది.

"ముందుగాల గా డబ్బాల నువ్వు ఉమ్మరాదె బిడ్డా" అంది.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికి నాకు దగ్గు మొదలై నెల దాటింది.

తండాలో మేము మా లంబాడీ భాషలోనే మాట్లాడుకుంటాం. అందరికీ అర్థం కావాలని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఇది రాయమని నన్ను ఎవరూ బలవంతం చేయలేదు. రాయకుండా ఉంటే మళ్లీ దాచినట్టే అవుతుందని రాస్తున్నాను.

నాకు తెలియక ఊరుకున్నానని ఎవరూ అనుకోవద్దు. సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. జాకెట్లు వదులయ్యాయి. వేరేవాళ్లలో ఈ లక్షణాలు కనిపిస్తే చెయ్యి పట్టుకుని దవాఖానకు తీసుకుపోయేదాన్ని. నా దగ్గరికి వచ్చేసరికి చలికాలం కదా, వరికోతల దుమ్ము కదా అని సర్దిచెప్పుకున్నాను. దీపం కింద చీకటి అంటారు, అది నేనే. టీబీ అంటే సిగ్గుపడాల్సిన రోగం కాదని పదేళ్లుగా అందరికీ చెప్పాను. నాకు వచ్చిందేమో అనుకోగానే మొదట కలిగింది సిగ్గే. నా చేతి నీళ్లు ఎవరు తాగుతారు, పసిపిల్లలను నా చేతికి ఎవరు ఇస్తారు అని.

మా దవాఖానలో చూపించుకుంటే తోటి ఆశాలకు తెలుస్తుందని తొర్రూరు వెళ్లాను. మా ఆయన ఆటో నడుపుతాడు, ఆయనే తీసుకుపోయాడు. అక్కడి ప్రైవేటు డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి, కుడివైపు పైన మచ్చ ఉందని, తెమడ పరీక్ష చేయించాలని, అది సర్కారు దవాఖానలో ఊరికే చేస్తారని చెప్పాడు. తర్వాత మామూలుగా, ఏం పని చేస్తావమ్మా అని అడిగాడు. కూలి పని అని చెప్పాను. మా ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు.

చివరికి మా దవాఖానకే వచ్చాను. సీబీనాట్ అనే తెమడ పరీక్షలో టీబీ అని తేలింది. మందులకు రెసిస్టెన్స్ లేదని, అంటే మామూలు మందులకే లొంగుతుందని కూడా వచ్చింది. బరువు ముప్పై ఎనిమిది కిలోలు. మా డాక్టరమ్మ నాకంటే చిన్నది. రిపోర్టు చూసి కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"నువ్వే దాసుకుంటే ఎట్లమ్మా" అని మాత్రం అంది. తర్వాత, నేను ఎన్నోసార్లు వేరేవాళ్లకు చెప్పిన మాటలనే నాకు చెప్పింది. "రెండు నెలలకే ఒళ్లు బాగైనట్టు అనిపిస్తది. అందరూ అక్కడనే మానేస్తరు. అక్కడ జాగ్రత్త."

ఇంట్లోవాళ్లందరికీ పరీక్షలు చేశారు. మా అమ్మాయి అనూష ఇంటర్ చదువుతోంది, రాత్రిళ్లు నా పక్కనే పడుకునేది. దాని ఎక్స్‌రే బాగానే ఉందని చెప్పేదాకా నేను ఆ గది గడప దగ్గరి నుంచి కదల్లేదు.

రోజూ పరగడుపున మూడు ఎర్ర గోలీలు. మింగినట్టు కార్డు మీద టిక్కు పెట్టాలి. ఆ టిక్కు రోగి పెట్టకూడదు, రోగి మింగుతుంటే చూసిన మనిషి పెట్టాలి. మా ఆయన పేరు రాయించాను. ఆయన తెల్లవారకముందే ఆటో తీసుకుని పోతాడు. పదిమందికి మందు మింగించేదాన్ని, నాకు ఒకరు కాపలా ఎందుకు అనుకుని కార్డు నా దగ్గరే ఉంచుకున్నాను. టిక్కులు నేనే పెట్టుకున్నాను. గోడ క్యాలెండరులో ఆరో నెల చివరి తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రం గీశాను. ఆ రోజుకు యాభై కిలోలు అవుతానని అనూషతో పందెం వేశాను.

అప్పటికే నా బాధ్యతలో ఒక టీబీ పేషెంటు ఉన్నాడు. సోమ్లా కాకా. మాకు రెండిళ్ల అవతల ఉంటాడు, మేకలు కాస్తాడు. నాకంటే నెల ముందు మందు మొదలైంది. రోజూ పొద్దున్నే వాళ్లింటికి పోయి, నా కళ్ల ముందే గోలీలు మింగించి, నోరు తెరవమని చూసి టిక్కు పెట్టేదాన్ని. కాకా నోరు తెరిచి నాలుక అటూ ఇటూ తిప్పి చూపించేవాడు, మేక పళ్లు చూసి వయసు చెప్పినట్టు నా వయసు చెప్పమని ఏడిపించేవాడు. ఒక్క రోజు కూడా తప్పొద్దు కాకా అని నేను రోజూ అనేదాన్ని. నాకూ అదే రోగమని అతనికి చెప్పలేదు. గోలీలు ఎందుకని అడిగినవాళ్లందరికీ గ్యాస్ ట్రబుల్ అని చెప్పాను.

రెండు నెలలకు డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. దగ్గు పోయింది. ఆకలి పుట్టింది. మూడు కిలోలు పెరిగాను. తెమడ పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. అప్పుడే మిరప ఏరడం ముమ్మరంగా సాగుతోంది. ఆశా పని ఉన్నా సీజన్‌లో నేనూ ఏరడానికి పోతాను. పొద్దున ఆరింటికే ట్రాలీ వస్తుంది. గోలీలు మింగి ఎక్కితే తోటకు చేరేసరికి కడుపులో తిప్పేది. ఒకరోజు అందరి ముందు వాంతి చేసుకున్నాను. ఆడవాళ్లు నవ్వి, ఇంటర్ చదివే బిడ్డ ఉండగా మళ్లీ నీళ్లోసుకున్నావా అని ఆటపట్టించారు. నాకు నవ్వు రాలేదు. వాంతి అవుతోందని డాక్టరమ్మకు ఒక్క మాట చెప్తే ఏదో ఒక మార్గం చెప్పేది. చెప్పలేదు. మర్నాడు గోలీలు మింగలేదు.

ఈ ఒక్కరోజే అనుకున్నాను. తర్వాత సోమవారం నుంచి అనుకున్నాను. తర్వాత ఈ తోట ఏరడం అయిపోయాక, ఆ తర్వాత ఉగాది వెళ్లాక. ప్రతిసారీ పెద్ద ముహూర్తమే పెట్టుకున్నాను. క్యాలెండరులో ఆ ఎర్ర గుండ్రం ఎంత దూరంగా ఉండేదంటే, ఒక రోజు పోతే ఏమైంది అనిపించేది. అలా అనిపించిన రోజులు నెలలయ్యాయి.

కానీ ఖాళీ స్ట్రిప్పులు చూపిస్తేనే కొత్తవి ఇస్తారు. అందుకని రోజూ మూడు గోలీలు ఒలిచి, పిడికిట్లో పట్టుకుని, చెత్త పారబోసే నెపంతో పెంటకుప్ప దగ్గరికి పోయి పడేసేదాన్ని. కాలితో పేడ కప్పేదాన్ని. ఇంట్లోకి వచ్చి చెయ్యి కడుక్కుని టిక్కు పెట్టేదాన్ని. దవాఖానలో గోలీలిచ్చే టీబీ సారు మూత్రం రంగు ఎలా ఉందని అడిగితే ఎర్రగా వస్తోంది సార్ అనేదాన్ని. ఈ మందు మింగితే అలా వస్తుందని నాకు తెలుసు కదా. ట్రాలీ వెళ్లిపోతుందని సోమ్లా కాకా ఇంటికి పోవడం కూడా మానేశాను. వారానికి సరిపడా గోలీలు అతని చేతికే ఇచ్చి, అతని కార్డులో కూడా వారం టిక్కులు ఒకేసారి పెట్టేశాను.

జూన్‌లో తొలి వానలు పడ్డప్పుడు దగ్గు మళ్లీ వచ్చింది. ఈసారి త్వరత్వరగా ముదిరింది. ఒకరోజు పత్తి గింజలు పెడుతుంటే దగ్గు వచ్చి కొంగు అడ్డం పెట్టుకున్నాను. కొంగు మీద రక్తం. మా ఆయన ఆటోలో వేసుకుని మానుకోట పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. మహబూబాబాద్‌ను మేము మానుకోట అనే అంటాం.

అక్కడి డాక్టరు నడి వయసు మనిషి. నా కార్డు తిప్పి చూశాడు. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. మందు రోజూ వాడావా అని అడిగాడు. వాడానన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ వాడానన్నాను. మా ఆయన కూడా వాడిందనే చెప్పాడు, పాపం ఆయనకు తెలియదు.

డాక్టరు కార్డు బల్ల మీద పెట్టాడు. "టిక్కులన్నీ కార్డు మీదనే ఉన్నయి. ఒంట్లకు పోయినట్టు లేదు. నువ్వు చెప్పకపోతే నేను చేసే వైద్యం తప్పయితది" అన్నాడు.

అప్పుడు చెప్పాను. మా ఆయన బయటికి పోయి ఆటోలో కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నా అదృష్టం, ఈసారి కూడా రెసిస్టెన్స్ రాలేదు. మళ్లీ మొదటి నుంచి ఆరు నెలలు అన్నారు. ఆ వారంలోనే సోమ్లా కాకాను మంచం మీద వేసుకుని వచ్చి ఆటో ఎక్కించారు. అతని రిపోర్టు వేరేగా వచ్చింది. ఎండీఆర్. అంటే మామూలు టీబీ మందులకు లొంగని టీబీ. వరంగల్‌కు పంపుతున్నారు. ఇది మొదటి నుంచే ఉందా సార్ అని మానుకోట డాక్టరును అడిగాను. అవునంటాడని ఆశపడ్డాను.

"మొదట లేదు. ఇప్పుడుంది" అన్నాడు.

కాకా మందు ఆపేశాడని అప్పుడు అర్థమైంది. వాళ్ల ఇంటామె నా చేతులు పట్టుకుని, నువ్వు రోజూ చెప్పినా ఈ ముసలోడు ఎందుకు మానేసిండో అని ఏడ్చింది. నేను ఓదార్చాను. సిగ్గులేకుండా ఓదార్చాను.

రెండోసారి మందు మొదలయ్యాక బుద్ధి వచ్చి క్రమంగా వాడానని రాస్తే బాగుంటుంది. కానీ అలా జరగలేదు. మొదటి రెండు వారాలు భయంతో మింగాను. మూడో వారంలో క్యాలెండరు ముందు నిలబడి మళ్లీ ఆరు నెలలు లెక్కపెట్టుకున్నాను. ఆ పొద్దున గోలీలు పిడికిట్లో పట్టుకుని గడప దాటాను. నా కాళ్లు పెంటకుప్ప వైపే పోయాయి.

అనూష నీళ్ల బిందెతో ఎదురొచ్చింది. ఆ రోజే తండాలో తీజ్ మొదలైంది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను, మేక ఎరువు కలిపి నింపి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు రోజుకు మూడుసార్లు నీళ్లు పోసి, పాటలు పాడి, తొమ్మిదో రోజు మొలకలను నిమజ్జనం చేస్తారు. మా పిల్లకు అది మొదటి తీజ్. అది నా పిడికిలి వైపు చూసింది. బిందె దించి, నా వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. చెమటకు గోలీల రంగు అరచేతికి అంటుకుంది.

"నాయినకు చెప్పకు" అన్నాను. నలభై ఏళ్ల దాన్ని, పదహారేళ్ల పిల్లతో.

అది నన్ను అక్కడే అరుగు మీద కూర్చోబెట్టి, బిందెలోంచే నీళ్లు చేతిలో పోసి, మూడూ మింగించింది. నోరు తెరువు అంది. తెరిచాను. లోపలికి పోయి స్ట్రిప్పు తెచ్చి గోలీలు లెక్కపెట్టింది. ఒక స్ట్రిప్పుకు ఇరవై ఎనిమిది. రోజుకు మూడు.

"తొమ్మిది దినాలకు ఒక పట్టీ, ఒక్కటి మిగుల్తది" అంది. "ఆరు నెలల సంగతి ఇడిసిపెట్టు యాడీ. నా తీజ్ అయ్యేదాంక నాతోని ఉండు."

యాడీ అంటే మా భాషలో అమ్మ. గోడ మీద క్యాలెండరును అదే దించేసి బియ్యం డబ్బా వెనక పెట్టింది. కార్డు తన పుస్తకాల సంచిలో దాచుకుంది. పొద్దున అది బుట్టలకు నీళ్లు పోసి వచ్చాక నాకు గోలీలు ఇచ్చేది. కడుపులో తిప్పుతోందని దాని మాట మీదే డాక్టరమ్మకు చెప్పాను. ముందు రెండు ఇడ్లీలు తిని మింగమంది, ఇంకో చిన్న గోలీ రాసింది. అంతే. ఆ మాత్రం అడగడానికి నాకు అన్ని నెలలు పట్టింది.

తొమ్మిదో రోజు పిల్లలు బుట్టలు ఎత్తుకుని చెరువుకు పోయారు. అనూష బుట్టలో మొలకలు జానెడు లేచాయి. నా స్ట్రిప్పులో ఒక్క గోలీ మిగిలింది. ఆరు నెలల్లో అది ఎంత చిన్న ముక్కో నాకు తెలుసు. అయినా చేస్తానని చెప్పి నిజంగా చేసిన పని చాలా రోజుల తర్వాత అదొక్కటే. చెరువుగట్టు మీద కూర్చుని ఏడ్చాను. మొలకలను సాగనంపుతూ ఆ రోజు ఆడపిల్లలు, తల్లులు ఏడవడం మామూలే కాబట్టి నన్ను ఎవరూ పట్టించుకోలేదు.

ఆ వారంలో సోమ్లా కాకా వరంగల్ నుంచి వచ్చాడు. ఎముకల గూడు మిగిలింది. మేకలను అమ్మేశారు. అతనికి మందు మింగించే పని నాదే. మొదటి రెండు రోజులు అతని ముఖం చూడలేక గోలీల వైపు, కార్డు వైపు చూస్తూ పని కానిచ్చాను. మూడో రోజు ఇక ఆగలేక చెప్పాను. నాకూ టీబీ ఉందని, మందు పారేశానని, నీ కార్డులో దొంగ టిక్కులు పెట్టానని.

కాకా మంచం పట్టె పట్టుకుని మెల్లగా లేచి కూర్చున్నాడు. ఊపిరి తీసుకోవడానికి మాట మాటకూ ఆగాడు.

"ఎర్కనే బిడ్డా. పొద్దుగాల మేకలను తోల్కపోతుంటే చూసిన. కుప్ప కాడ చెయ్యి ఇదిలిచ్చి, కాలుతోని పెంట కప్పినవ్. నువ్వు పోయినంక కట్టెతోని కెలికిన. నాకిచ్చే గోలీలే. అన్ని తెలిసిన బిడ్డ పారేస్తుందంటే ఇగ గివాటితోని పని లేదేమో అనుకున్న. నేను సుత మానేసిన."

నన్ను ఒక్క మాట అడగకపోయావా కాకా అన్నాను.

"నువ్వు ఎవ్వలకు చెప్పకుంట దాసుకుంటివి. అడిగితే నీ ఇజ్జత్ పోతదనుకున్న" అన్నాడు.

నా ఇజ్జత్ కాపాడాలని ఆ మనిషి నోరు మూసుకున్నాడు. దానికి అతని ఊపిరితిత్తి సగం పోయింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు. క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసి, గోలీలు అతని చేతిలో పెట్టాను. కాకా వాటిని పక్కన పెట్టాడు.

"నీయి ఏవి? రేపటి సంది ఈడికి తెచ్చుకో. ముందుగాల నువ్వు మింగు, నేను చూస్త" అన్నాడు.

మర్నాటి నుంచి అనూషే నా గోలీలను కాగితంలో చుట్టి నా చేతికిచ్చేది. కాకా మంచం పక్కన నిలబడి ముందు నేను మింగాలి, నోరు తెరిచి చూపించాలి. తర్వాత అతను మింగుతాడు. అతనివి నా గోలీల్లాంటివి కావు, ఎక్కువ, చేదు, ఇంకా చాలా నెలలు వాడాలి. ఎన్ని నెలలో నేను చెప్పను, అతను అడగడు. తొమ్మిది రోజులే లెక్క. ప్రతి తొమ్మిది రోజులకు ఒక చిన్న పని పెట్టుకున్నాం. మొదటి తొమ్మిది రోజుల్లో మంచం నుంచి గడప దాకా పట్టుకోకుండా నడవాలి. నాలుగో రోజుకే చేయగలిగాడు. తర్వాత వాకిట్లోని సిమెంటు బల్ల దాకా. అది కుదరలేదు, జ్వరం వచ్చింది. ఆ తొమ్మిది రోజులు మందు మింగితే చాలనుకున్నాం. తర్వాత మళ్లీ బల్ల. దసరా నాటికి బల్ల మీద కూర్చుని, పోయేవాళ్ల మేకలకు వంకలు పెట్టడం మొదలుపెట్టాడు.

నా మందు చలికాలంలో పూర్తయింది. యాభై కిలోలు కాలేదు, నలభై ఆరు దగ్గర ఆగాను. చివరి తెమడ పరీక్షలో ఏమీ లేదు. డాక్టరమ్మ నాతో చెయ్యి కలిపింది. ఈమధ్య మళ్లీ దగ్గు సర్వే వచ్చింది. సంచిలో అవే డబ్బాలు. ప్రతి గడప దగ్గరా ఇప్పుడు మొదటి మాట వేరే చెప్తున్నాను. నాకు టీబీ వచ్చింది, మందు మధ్యలో పారేశాను, మళ్లీ వచ్చింది, నా వల్ల ఒక మనిషి ఆరోగ్యం పాడైంది, మీకు దగ్గు ఉందా అని. ఒకామె తలుపు వేసేసింది. అప్పుడు నన్ను డబ్బాలో ఉమ్మమన్న ముసలమ్మ మాత్రం నన్ను కిందికీ మీదికీ చూసి, తన కొడుకు కోసం ఒక డబ్బా అడిగి తీసుకుంది.

మందు వాడుతున్నవాళ్లకు నేను ఒక్కటే చెప్పగలను. చివరి తేదీ చుట్టూ గుండ్రం గీయకండి. ఒక స్ట్రిప్పు చేతిలోకి తీసుకోండి, అది అయ్యేదాకా చాలు. ఇంకొక మాట. మీ కార్డు మీ దగ్గర పెట్టుకోవద్దు. మిమ్మల్ని ప్రేమించి కూడా మీ మాట నమ్మని మనిషి ఒకరు ఇంట్లో ఉంటారు, వాళ్లకు ఇవ్వండి.

ఇవాళ సోమ్లా కాకాకు ఈ విడతలో ఆరో రోజు. బల్ల దాటి నీళ్ల ట్యాంకు దాకా పోవాలని పెట్టుకున్నాడు, ఇంకా సగం దారిలోనే ఆగుతున్నాడు. పొద్దున పోయేసరికి గోలీలు అరచేతిలో పెట్టుకుని నా కోసం చూస్తూ ఉంటాడు. నాకు మింగడానికి ఇప్పుడు ఏమీ లేదు. అయినా ముందు నువ్వు నోరు తెరువు అంటాడు. తెరిచి నాలుక అటూ ఇటూ తిప్పి చూపిస్తాను. అప్పుడు అతను మింగుతాడు.